కృష్ణ చేరు తీరము

మన జాలహళ్ళికి సమీపముననే తింతిణి వంతెన గలదు. బస్సులో పోవునప్పుడు మీలో అనేకులు దానిమీదనుండి కృష్ణానదిని చూచియే యుందురు. ఆవలి గట్టున మౌనేశ్వరుల క్షేత్రము. హిందువులును మహమ్మదీయులును కూడ కొలుచు మహనీయుడాయన. క్రింద రాళ్ళ నడుమ నది. శ్రావణ భాద్రపదములలో ఆ నీరు ఎర్రబారి, చిక్కబడి, గట్లు ఒరసికొని పోవును. వేసవిలో అక్కడక్కడ మడుగులుగా నిలిచియుండును. ఈ నీరు ఎక్కడికి పోవునని తరగతిలో అడిగినచో "బంగాళాఖాతంలోకి సార్" అని పదిమందియు ఒక్క గొంతుతో చెప్పుదురు. పరీక్షకు ఆ మాట చాలును. అయితే ఆ బంగాళాఖాతపు ఒడ్డున ఏమున్నది, అచ్చట ఎవరు నివసించుచున్నారు, వారికిని మనకును గల సంబంధమేమి అని అడిగినప్పుడు తరగతి నిశ్శబ్దమగును. ఈ సంచికకు ఏదైన వ్రాయుమని పత్రిక పనిచూచు విద్యార్థులు కోరినప్పుడు నాకు ఆ నిశ్శబ్దమే జ్ఞప్తికి వచ్చినది.

మన పిల్లలలో పెక్కుమంది సముద్రమును చూచినవారు కారు. కాని వారి యిండ్లలోని మాటలు సముద్రమును చూచినవే. క్యాంపులనుండి వచ్చు పిల్లల భాషను గమనించుడు. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుండి నీరు పారుట మొదలైన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతములకు వచ్చి, పొదలు కొట్టి, నేల చదును చేసి, గుడిసెలు వేసికొనిరి. ఆ గుడిసెల గుంపులే నేటి క్యాంపులు. నారాయణపుర కుడిగట్టు కాలువ వచ్చిన పిమ్మట అట్టివారు కొందరు మన దేవదుర్గ తాలూకాకును చేరిరి. వారితో ఎడ్లును నాగళ్ళును మాత్రమే రాలేదు, మాటలును వచ్చినవి. ఊడ్పు, బోదె, సార్వా, దాళ్వా, లాకు. పడవలు దాటించు లాకు ఈ గడ్డమీద ఒక్కటియు లేదు. అయినను కాలువ తలుపును చూచి ముసలివారు లాకు అనియే యందురు. అన్నిటికంటె వింతయైనది "ఉప్పెన" అను మాట. పీఠభూమి నడుమనున్న మనకు ఉప్పెనతో ఏమి పని? ఐనను అల్లరి చేయు మనుమని "ఉప్పెనలా వచ్చి పడ్డావేమిరా" అని నాయనమ్మ గదమును.

ఇచ్చటి తెలుగువారందరును అట్లు వచ్చినవారు కారు. రాయచూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. తరతరములుగా ఇచ్చటనే యున్న తెలుగు కుటుంబములు గలవు. మాదియు అట్టిదే. కనుక సముద్రతీరము నాకు పుట్టినచోటు కాదు, చదువుకొనబోయిన చోటు. 2003లో తెలుగు పండిత శిక్షణకై కృష్ణా జిల్లాకు పోయి ఒక యేడు అచ్చట ఉంటిని. నేను వ్రాయునది ఆ యేట చూచినదియు, తరువాత పోయి వచ్చినప్పుడు చూచినదియు, చదివి తెలిసికొన్నదియు.

కృష్ణ మహాబలేశ్వరమున పుట్టును. ఆ కొండకు పడమటి సముద్రము సుమారు 65 కిలోమీటర్ల దూరమే. దగ్గరి సముద్రమును విడిచి తూర్పుమొగమై ఆ నది సుమారు 1,400 కిలోమీటర్లు నడచును. ఆలమట్టి, నారాయణపురము దాటి రాయచూరునకు ఉత్తరమున భీమను కలుపుకొనును. సంగమేశ్వరమున తుంగభద్ర వచ్చి చేరును. ఈ రెండు నదుల నడుమనున్న మన అంతర్వేది కొరకు విజయనగర బహమనీ రాజులు ఎన్ని యుద్ధములు చేసిరో చరిత్ర పాఠమున చదివియే యుందురు గాన ఇచ్చట చెప్పను. పిదప శ్రీశైలపు లోయ, నాగార్జునసాగరము. విజయవాడ దగ్గర కొండల నడుమనుండి వెలువడిన తోడనే నదికి కొండలతో పని తీరిపోవును. అటనుండి సముద్రము వరకు అంతయు చదును. పులిగడ్డ వద్ద నది చీలి, దివిసీమను పాయల నడుమ నుంచుకొని, హంసలదీవి చెంత సముద్రమును చేరును.

ఆ చదును నేలను మొదట చూచినప్పుడు నాకు తోచిన వింత ఒక్కటే: రాయి లేదు. మన ఊరిలో గోడ రాయి, గడప రాయి, చేని గట్టు రాయి, కూర్చుండు అరుగు రాయి. అవనిగడ్డ నుండి నాగాయలంక వైపు పోవుచు బస్సు కిటికీలోనుండి ఎంత వెదకినను ఒక్క గుండు కనబడలేదు. ఇటుక గోడలు, తాటాకు కప్పులు, మట్టి గట్లు, గట్లమీద తాళ్ళు. సెలవులలో తోటి విద్యార్థి యొకడు నన్ను తన యింటికి తీసికొనిపోయెను. వారి తండ్రిగారు రైతు. కోసిన వరిచేనిలో నడచుచు ఒక మట్టిపెడ్డను తీసి నా చేతిలో పెట్టి, "ఏం బాబూ, మీ ఊరి మట్టి గుర్తు పట్టావా?" అని నవ్విరి. హాస్యమునకు అన్నారని తలచితిని. కాని తరువాత భూగోళ గ్రంథములు చూడగా ఆ మాట అక్షరాల సత్యమని తెలిసినది. దక్కను పీఠభూమిలోని నల్లరాళ్ళు ఎండకును వానకును చివికి రేగడియైనవి. ఆ రేగడిని కృష్ణయు దాని ఉపనదులును కోసికొని, వేలయేండ్లు మోసికొనిపోయి సముద్రపు అంచున దింపినవి. నది వేగము తగ్గినకొలది బరువు విడుచును. ముందు ఇసుక, పిదప వండ్రు. అట్లు సముద్రమును వెనుకకు నెట్టి ఏర్పడిన నేలయే డెల్టా. దివిసీమలోని వరిచేలు ఒకప్పుడు ఎగువ దేశపు మన్ను. అందు మన దేవదుర్గపు మన్ను కొంతయైనను ఉండకపోదు.

నేల మంచిదైనంత మాత్రమున అన్నము పుట్టదు. ఇది క్యాంపుల పెద్దలు మనుమలకు చెప్పక విడుచు సంగతి. "మా వైపు బంగారం పండేది" అని మాత్రము చెప్పుదురు. 1832–33లో గుంటూరు సీమను పట్టిన నందన కరువులో సుమారు అయిదు లక్షల జనములో లక్షన్నరకు తక్కువ కాకుండ మరణించిరని చరిత్రకారులు వ్రాసిరి. ప్రక్కనే కృష్ణ పారుచుండెను. వరద వచ్చినప్పుడు పొలములు ముంచి, తగ్గినప్పుడు పల్లమున పారు నదివలన పైరుకు ప్రయోజనము లేదు. ఆర్థరు కాటన్ దొర 1847లో మొదలిడి దవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించెను. ఆయన తలపెట్టిన రీతిగనే విజయవాడ వద్ద కృష్ణకును 1852–55లో ఆర్ అను సేనాని ఆనకట్ట కట్టించెను. అది ఎత్తైన గోడ కాదు. వేసవి నీటిని కొంచెము లేవనెత్తి కాలువలలోనికి మళ్ళించు రాతికట్ట. ఆ కాలువలే పొలములకు నీరును, పడవలకు దారియు అయినవి. మన ముసలివారు మరువని లాకులు ఆ పడవల కొరకు కట్టినవే. ఆ ఆనకట్ట 1952లో తెగెను. పంచాంగము చూచినచో అదియు నందన నామ సంవత్సరమే! అయితే ఈమారు కరువు రాలేదు; 1957 నాటికి దాని స్థానమున ప్రకాశము బ్యారేజీ సిద్ధమైనది. నేడు సుమారు 13 లక్షల ఎకరములు ఆ నీటిమీద ఆధారపడియున్నవి.

ఆ ప్రాంతపు సేద్యములో నన్ను ఆకర్షించినవి రెండు. ఒకటి మినుము. వరి ఇంకను చేనిలో నిలిచియుండగనే, కోతకు రెండు మూడు దినముల ముందు మినుము విత్తనములు చల్లుదురు. దున్నుట లేదు, నీరు పెట్టుట లేదు. వరి కోసికొనిపోయిన పిమ్మట నేలలో మిగిలిన తడితోను, రాత్రి మంచుతోను ఆ పైరు పండును. మన వైపు రెండవ పంటకు కాలువ నీరు రాలేదని వగచునప్పుడెల్ల నాకు ఆ చేలు గుర్తునకు వచ్చును.

రెండవది దొరువు. బాపట్ల వైపు సముద్రపు ఒడ్డున ఇసుకనేలలు గలవు. ఆ ఇసుకలో కొద్ది లోతు త్రవ్వినచో తీయని నీరు ఊరును. సముద్రము కూతవేటు దూరమున నుండగా తీయని నీరెట్లని మీకు సందేహము కలుగవచ్చును. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఇసుకలో ఇంకిన వాననీరు క్రిందనున్న ఉప్పునీటిమీద తేలియుండును. రైతు రెండు కుండలతో దొరువులోనికి దిగి, నీరు ముంచి, మొక్కలకు పోయును. సాయంకాలమునకు దొరువు మరల నిండును. ఆ నీటిని మోటారుతో ఒక్కసారిగా తోడినచో పైనున్న తీయని పొర తరిగి క్రింది ఉప్పు పైకి వచ్చును. ఆ తోట అంతటితో సరి. కుండతో ముంచు రైతు భౌతిక శాస్త్రము చదివినవాడు కాడు. కాని ఎంత తోడవలెనో ఎప్పుడు ఆపవలెనో అతనికి తెలియును.

ఇక సముద్రముమీద బ్రతుకు పల్లెకారులు. వేకువకు ముందే పడవలు పోవును. చందువ, వంజరము, పండుగప్ప, రొయ్య, పీత. దొరికినదానిని బట్టి ఆ దినపు అన్నము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేటను ప్రభుత్వము నిషేధించును. ఆ రెండు నెలలు వలలు అల్లుకొనుచు, బాగుచేసికొనుచు గడుపుదురు. ఏటి నోట మడ అడవులు గలవు. మడ, పొన్న, తిల్ల మొదలగు చెట్లు ఉప్పుబురదలో నిలిచి, వేళ్ళను గాలిలోనికి చాచి, అలల తాకిడిని విరుచును. రొయ్యపిల్లలును చేపపిల్లలును ఆ వేళ్ళ నడుమనే పెరుగును.

బందరు గూర్చి చెప్పవలెనన్న వేరొక వ్యాసము కావలెను. గోలకొండ రాజ్యమునకు అది రేవుపట్టణము. 1611లో ఆంగ్లేయులు అచ్చట వర్తకశాల పెట్టిరి. అచ్చటి కలంకారీ వస్త్రములు పారసీకమునకును ఐరోపాకును పోయెను. నేటికిని పెడనలో చెక్క అచ్చులతో అద్దకము చేయుచున్నారు. క్షేత్రయ్య యూరు మొవ్వయు, నాట్యమునకు పేరిచ్చిన కూచిపూడియు ఆ చేల నడుమనే యున్నవి. రేవు మాత్రము పూడి, వర్తకము ఇతర రేవులకు పోయెను. 2023లో క్రొత్త రేవు పనులు ప్రారంభమైనవి.

నేను చూచిన కాలమునకే తీరపు ఆర్థిక స్థితి వేరు దారి పట్టియుండెను. 1990 ప్రాంతమున టైగరు రొయ్య వచ్చెను. వరిచేనికి గట్టు పోసి ఉప్పునీరు పెట్టినచో చెరువగును. ఒక పంట కుదిరినచో వరిమీద పదేండ్లకు రానిది చేతికి వచ్చును. పెంకుటిండ్లు మేడలైనవి. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ మేడలే తాకట్టునకు పోయినవి. 1996లో సుప్రీముకోర్టు తీరపు రొయ్యల చెరువులపై కట్టడి విధించెను. 2009 నుండి వెనామీ రొయ్య వచ్చి మరల ఊపు తెచ్చెను. రొయ్యల పెంపకములో దేశమున ఆంధ్రప్రదేశమే ముందున్నది. లాభమును నేను తక్కువ చేయను. ఆ సొమ్ముతో చదివి పైకి వచ్చినవారిని ఎరుగుదును. కాని చెరువులోని ఉప్పు చెరువులో నుండదు, ప్రక్కవాని చేనిలోనికి ఊరును. వరి పండించుకొందునని పట్టుపట్టిన రైతు కూడ రెండేండ్లకు చెరువు త్రవ్వక తప్పని స్థితి వచ్చుట నేను కన్నులార చూచితిని.

నాయనమ్మ నోటి ఉప్పెన మాటకు ఇప్పుడు వత్తును. బందరును 1864 నవంబరు 1వ తేదీన ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పది వేలమంది పోయిరి. 1977 నవంబరు 19న, కార్తీక మాసమున, దివిసీమపై వచ్చినది మీ యిండ్లలో ఇప్పటికిని తలచుకొనుచున్నది. పదివేలమంది పోయిరని లెక్క. అంతకు మించి యుందురని పలువురి మాట. ఆ యేటి తరువాత అచ్చటినుండి వచ్చిన ఒక వృద్ధురాలు మన విద్యార్థి యొకని నాయనమ్మ. "నీళ్ళు పైనుంచి పడలేదు మాస్టారూ, గోడలా నడిచొచ్చినాయి" అని ఆమె నాతో చెప్పెను. తాటిచెట్టు మొదలు కౌగిలించుకొని ఒక రాత్రి గడపెనట. ఇంటిలో ఏడుగురిలో ఇద్దరు మిగిలిరి. ఆమె మాటలు విన్నప్పుడు నాకొకటి తోచినది. కొండ లేని, రాయి లేని ఆ చదును వరికి ఎంత మేలో, నీరు లోపలికి నడిచివచ్చుటకును అంతే అనుకూలము. పంట నిచ్చిన గుణమే ప్రాణములు తీసినది.

మానవ ప్రయత్నము వ్యర్థము కాదు. 1977 తరువాత తుఫాను రక్షణ భవనములు కట్టిరి, హెచ్చరిక పద్ధతులు మెరుగుపరచిరి. 1990 మే నెలలో అదే తీరమును తాకిన పెను తుఫానులో సుమారు వేయిమంది మరణించిరి. ముందుగా లక్షలమందిని తరలించిరి గనుక అంతటితో పోయినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర ఒడ్డు చేరినప్పుడు పంట నష్టము అపారము గాని ప్రాణనష్టము మునుపటితో పోల్చదగినది కాదు.

ఇప్పుడు ఆ తీరమును తినుచున్నది వేరొకటి. అది నిదానముగా జరుగునది, మనతోను సంబంధమున్నది. క్రిందటేడు ఒక పరీక్షలో "కృష్ణానది ఎచ్చట సముద్రమును చేరును?" అను ప్రశ్నకు తొమ్మిదవ తరగతి బాలుడొకడు "కృష్ణ సముద్రంలో కలవదు, కాలువల్లో కలుస్తుంది" అని వ్రాసెను. నేను వానికి సగము మార్కు వేసితిని. తోటి ఉపాధ్యాయులు నవ్విరి. కాని 2001 మొదలు 2004 వరకు వానలు తప్పిన యేండ్లలో బ్యారేజీ దాటి సముద్రమునకు పోయిన నీరు అతి స్వల్పము. 1973లో బచావత్ ట్రిబ్యునలు నదిలో నమ్మదగిన నీటిని మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 టీ.ఎం.సీ.లుగా పంచెను. ముగ్గురికిని వాటాలు వచ్చినవి. సముద్రమునకు వాటా చూపలేదు. 2024 సెప్టెంబరు వలె బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు మాత్రము అడుగకయే పోవును.

నీటికంటె ముఖ్యమైనది నీటిలోని మన్ను. జలాశయములో నీరు నిలిచినచో మన్ను అడుగున దిగును. తేరిన నీరే క్రిందికి పోవును. తుంగభద్ర జలాశయము కట్టినప్పుడు సుమారు 133 టీ.ఎం.సీ.లు పట్టెడిది, నేడు సుమారు 105 మాత్రమే పట్టును. తక్కిన చోటు పూడిక. సింధనూరు, మాన్వి రైతులు ఆ పూడికను తమ నష్టముగనే లెక్కింతురు, అది నిజమే. కాని ఆ మన్ను ఎచ్చటికో పోవలసియుండి ఆగిపోయినది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు లెక్కించి చూచిరి: 1960వ దశకపు చివర కృష్ణ యేటేట డెల్టాకు 90 లక్షల టన్నుల వండ్రు తెచ్చుచుండగా, 2000–2005 నాటికి అది 4 లక్షల టన్నుల వరకు పడిపోయినది. క్రొత్త మన్ను రానప్పుడు అల పాత మన్నును కోయును. కృష్ణా గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరమున 1965 నుండి 2008 వరకు 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రము పాలైనదని వారే తేల్చిరి. నా సహాధ్యాయి తండ్రిగారు మట్టిపెడ్డ నా చేతిలో పెట్టిన చేను ఇంకను ఉన్నది, అది లోపలిది. ఒడ్డున సరుగుడు తోటలు వేసినవారి నేల కొంత ఇప్పుడు అలల క్రింద నున్నది.

మన నీరు మనకు వద్దని నేను చెప్పుట లేదు. నారాయణపుర కాలువ లేనినాడు ఈ తాలూకా జనము పనికై వలసపోవుటను నేను చూచితిని. నేడును కాలువ చివరి పొలములకు నీరందక మన రైతులు పడు బాధను మీ యిండ్లలో వినుచునే యున్నారు. దివిసీమ రైతు కృష్ణానది యంతటికిని చివరి పొలమువాడు. ఎగువవాడు తలుపు మూసినచో కలుగు కడుపుమంట ఎట్టిదో క్యాంపు పిల్లలకు నేను వివరింప నక్కరలేదు.

ఇంకొక బంధుత్వము గలదు. అధిక నీటివలన తుంగభద్ర ఆయకట్టులో చాల పొలములు చౌడెక్కినవి. తెల్లని పొర, బీటలువారిన మడి, మొలవని విత్తనము. సముద్రపు ఉప్పు పాకిన తీరపు చేలలోను అదే తెల్లని పొర. ఉప్పునేలలను బాగుచేయుటకై అఖిల భారత వ్యవసాయ పరిశోధనా పథకము క్రింద పనిచేయు కేంద్రములలో ఒకటి బాపట్లలోను, మరియొకటి మన గంగావతిలోను గలవు. వ్యవసాయ శాస్త్రము చదువదలచిన విద్యార్థులు ఈ రెండు పేర్లు వ్రాసికొనుడు.

తలిదండ్రులకు ఒక మనవి. పిల్లలను ఎప్పుడైన అటు తీసికొనిపోదలచినచో మాఘ పూర్ణిమకు హంసలదీవికి పొండు. ఆనాడు అచ్చటి వేణుగోపాలస్వామికి కల్యాణము. వేలాది జనులు సాగరసంగమమున స్నానము చేయుదురు. జనుల పాపములు మోసి నల్లబడి కాకియైన గంగ ఆ నీటిలో మునిగి హంసయైనదని స్థలపురాణము. రాయచూరు నుండి విజయవాడకు రైలు, అటనుండి అవనిగడ్డ మీదుగా బస్సు. గుడినుండి సంగమమునకు ఇసుకలో కొంత దూరము పోవలెను. మాఘమున నీరు తేరియుండును. మన్ను చూడదలచినవారు శ్రావణ భాద్రపదములలో వరద దిగుచున్నప్పుడు పోవలెను. అప్పుడు ఏటినీరు ఎర్రగా సముద్రములోనికి చొచ్చుకొనిపోయి, ఆవలి నీలముతో కలియక కొంతవరకు వేరుగనే కనబడును.